గాలి తక్కువ, చలి ఎక్కువ: శీతాకాలంలో సరస్సు మీద సరదా సెయిలింగ్ రేస్ పెట్టుకోవడం ఎలా

చలికాలంలో సరస్సు మీద పదిమంది కలిసి సరదాగా ఒక సెయిలింగ్ రేస్ పెట్టుకుందాం అనుకుంటారు, పొద్దున్నే వచ్చి చూస్తే గాలి పెద్దగా లేదు, నీళ్ళు అద్దంలా ఉన్నాయి, ఎండ కూడా బానే కాస్తోంది, ఇంక ఇవాళ భయమేముందిలే అని జీన్స్ ప్యాంటు, పైన ఒక స్వెటర్ వేసుకుని బోటెక్కేస్తారు. నేను దగ్గరుండి చూసిన ఇబ్బందులన్నీ దాదాపు ఇలాంటి రోజుల్లోనే జరిగాయి, గాలి గట్టిగా కొట్టే రోజుల్లో కాదు. గాలి గట్టిగా ఉన్న రోజు అందరూ ఒళ్ళు దగ్గర పెట్టుకునే ఉంటారు, పైగా బోటు అంచు మీద వెనక్కి వాలి తాళ్ళు లాగుతూ ఉంటే ఒంట్లో వేడి దానంతటదే పుడుతుంది. గాలి తక్కువున్న రోజు బోటు కదలాలంటే మీరు కదలకూడదు, ఊపిరి బిగబట్టినట్టు కూర్చోవాలి, అలా గంటసేపు కూర్చుంటే చలి ఎముకల్లోకి దిగిపోద్ది. అంటే ఏ పనైతే రేసులో ముందుకి తీసుకెళ్తుందో అదే మనిషిని బిగుసుకుపోయేలా చేస్తుంది. బట్టలు, కోర్సు (రేస్ దారి) పొడవు, ఎన్ని రేసులు, సేఫ్టీ బోటు (కాపాడటానికి దగ్గర్లో ఉండే ఇంజన్ బోటు) ఎక్కడుండాలి, ఇవన్నీ ఈ ఒక్క విషయం చుట్టూనే ఆలోచించుకోవాలి.

ముందు బట్టల సంగతి

ఎండ చూసి కాదు, నీళ్ళు ఎంత చల్లగా ఉన్నాయో చూసి బట్టలేసుకోండి. సరస్సు నీళ్ళు గాలి కంటే చాలా నెమ్మదిగా వేడెక్కుతాయి, నెమ్మదిగా చల్లారతాయి, కాబట్టి శీతాకాలం చివర్లో బయట ఎండ హాయిగా ఉన్నా నీళ్ళు మాత్రం ఆ ఏడాది మొత్తంలోనే బాగా చల్లగా ఉండే టైం అదే కావచ్చు. ఒక థర్మామీటర్‌కి దారం కట్టి నీళ్ళలో వేసి చూడండి, రెండు నిమిషాల పని. 15 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువుంటే ఎవరైనా సరే డ్రైసూట్ (నీళ్ళు లోపలికి రానివ్వని సూట్) గానీ మందపాటి వెట్‌సూట్ (తడిసినా ఒంటి వేడి నిలిపే రబ్బరు సూట్) గానీ లేకుండా దిగొద్దని నేను ఖచ్చితంగా చెప్తాను, దీనిమీద మొహమాటపడి వదిలేయొద్దు.

ఎందుకంటే చన్నీళ్ళలో పడిన మనిషిని ముందు ప్రమాదంలో పెట్టేది చలి కాదు, శ్వాస. పడిన క్షణంలో ఒక్కసారిగా గట్టిగా ఊపిరి పీల్చేస్తాం, అది మన చేతుల్లో ఉండదు, ఆ టైంలో నోరు నీళ్ళలో ఉంటే అంతే. కెనడాలో మానిటోబా యూనివర్సిటీ ప్రొఫెసర్ గోర్డన్ గీస్‌బ్రెక్ట్ దీన్ని గుర్తుపెట్టుకోడానికి 1-10-1 అని చెప్పేవారు, మొదటి 1 నిమిషం శ్వాస అదుపులోకి తెచ్చుకోడానికి, తర్వాత సుమారు 10 నిమిషాలు చేతులూ కాళ్ళూ పనికొచ్చేలా ఆడతాయి, ఆ తర్వాత దాదాపు 1 గంటకి ఒంటి వేడి పడిపోయి స్పృహ తప్పే పరిస్థితి వస్తుంది. నీళ్ళ చల్లదనాన్ని బట్టి, మనిషిని బట్టి ఇవి అటూ ఇటూ అవుతాయి గానీ ఇందులోంచి మనం తీసుకోవాల్సిందేంటంటే, లైఫ్ జాకెట్ లేకపోతే ఆ గంట సంగతి దేవుడెరుగు, మొదటి నిమిషమే దాటకపోవచ్చు. అందుకే బోటులో పక్కన పెట్టిన జాకెట్ లెక్కలోకి రాదు, ఒంటి మీద జిప్ వేసి బకిల్ పెట్టుంటేనే లెక్క.

లోపల కాటన్ వద్దు, చెమటో నీళ్ళో తగిలిందంటే అది తడిసి ఒంటికి అంటుకుపోయి ఉన్న వేడంతా లాగేస్తుంది, నీళ్ళు గాలి కంటే సుమారు 25 రెట్లు ఎక్కువగా ఒంటి వేడిని లాగుతాయి కాబట్టి తడి బట్ట అంటే చిన్న విషయం కాదు. ఉన్ని గానీ పాలిస్టర్ థర్మల్స్ గానీ రెండు పొరలు, దానిమీద డ్రైసూట్. డ్రైసూట్ వేసుకున్నాక మెడ దగ్గర సీల్‌ని వేలితో కొంచెం తెరిచి కిందకి కూర్చుని లోపల గాలి బయటికి పంపండి, లేకపోతే నీళ్ళలో పడినప్పుడు కాళ్ళలోకి గాలి చేరి ఇబ్బంది పెడుతుంది. జిప్ చివరిదాకా లాగారో లేదో పక్కవాళ్ళతో చూపించుకోండి, భుజాల వెనకుండే జిప్ మనకి కనపడదు, సగం మూసిన జిప్‌తో నీళ్ళలో పడితే డ్రైసూట్ వేసుకున్న ప్రయోజనమే పోతుంది.

చేతులకి గ్లోవ్స్ రెండు జతలు తెచ్చుకోండి, ఒకటి ఎలాగూ తడుస్తుంది. తలకి ఉన్ని టోపీ పెట్టుకోండి గానీ బుగ్గలు మాత్రం కప్పేసుకోవద్దు, ఇంత తక్కువ గాలి ఎటునుంచి వస్తోందో ముందు తెలిసేది బుగ్గకీ చెవి కిందకీ మెడ వెనక్కే, మొహమంతా చుట్టేసుకున్నవాళ్ళు గాలి మారిన సంగతి తెరచాప చప్పగా పడిపోయాక గానీ తెలుసుకోరు.

ఏ టైంకి, ఎంత దూరం

శీతాకాలం పొద్దున పూట నేల దగ్గర చల్లటి గాలి బరువుగా పరుచుకుని ఉంటుంది, దాని పైన కాస్త వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది, పైన గాలి వీస్తున్నా అది కిందకి దిగదు. ఎండ పడి నేల వేడెక్కాక ఆ మూత విడిపోయి పైన గాలి మెల్లగా నీళ్ళ దాకా వస్తుంది. అందుకే పొద్దున్నే 8 గంటలకే అందర్నీ రమ్మని పిలిచి ఒడ్డున వణికించొద్దు, మొదటి రేస్ 11, 11:30 ప్రాంతంలో పెట్టుకోండి, మధ్యాహ్నం 1 నుంచి 2 మధ్య గాలి కాస్త బాగుంటుంది, ఆ తర్వాత ఎండ వాలిపోతుంటే గాలి కూడా చచ్చిపోతుంది. సూర్యాస్తమయానికి కనీసం గంటన్నర ముందు చివరి బోటు ఒడ్డున ఉండేలా లెక్క వేసుకుని వెనక నుంచి ప్లాన్ చేయండి. పొగమంచు ఉంటే అసలు స్టార్ట్ చేయొద్దు, సేఫ్టీ బోటులో నిలబడితే కోర్సులో ఉన్న బోట్లన్నీ కనపడాలి, కనపడకపోతే ఆగడమే.

గాలి ఎంతుంటే సరిపోతుంది అంటే, బ్యూఫోర్ట్ స్కేల్ మీద, అంటే గాలి బలం చెప్పే కొలత మీద, 1 అంటే 1 నుంచి 3 నాట్లు (నాట్ అంటే వేగానికి కొలత, దాని లెక్క కింద చెప్తాను), పొగ పక్కకి వాలుతుంది గానీ గాలి దిక్కు చూపే సూచీ తిరగదు, 2 అంటే 4 నుంచి 6 నాట్లు, మొహానికి తగులుతుంది, ఆకులు గలగలమంటాయి, నీళ్ళ మీద చిన్న చిన్న అలలు లేస్తాయి. 2 ఉంటే హాయిగా రేస్ పెట్టొచ్చు. 1 లో కూడా పెట్టొచ్చు గానీ చాలా చిన్న కోర్సు పెట్టాలి, అది కూడా గాలి నిలకడగా ఉంటేనే. నీళ్ళ మీద ఒక చోట ముడతలు, ఇంకో చోట నూనె పోసినట్టు నున్నగా ఉంటే ఇంకో అరగంట ఆగండి, ఏం పోదు.

కోర్సు పొడవు దగ్గరే నేను ఒకసారి గట్టిగా దెబ్బతిన్నాను, పెద్ద సరస్సు ఉంది కదా అని మార్క్‌ని, అంటే బోట్లు చుట్టి తిరగాల్సిన తేలే గుర్తుని, అవతలి ఒడ్డు దాకా తీసుకెళ్ళి పెట్టాను, ఎనిమిది బోట్లు అక్కడికి చేరేసరికి గాలి పూర్తిగా ఆగిపోయింది. మాకున్న ఇంజన్ బోటు ఒక్కటే, ఒక్కొక్కదాన్ని లాక్కొచ్చేసరికి గంట దాటిపోయింది, చివరికి వచ్చిన అబ్బాయి లైఫ్ జాకెట్ బకిల్ తనంతట తను విప్పుకోలేకపోయాడు, వేళ్ళు మడవడం రాలేదు. మాట బాగానే ఉంది, నవ్వుతూనే ఉన్నాడు, కానీ ఆ వేళ్ళు చూశాక నేను ఇంక ఎప్పుడూ దూరం విషయంలో ఆశపడలేదు.

ఇప్పుడు నేను వేసే లెక్క ఇది. నాలుగు నాట్ల గాలిలో చిన్న డింగీ (ఒకరిద్దరు నడిపే తెరచాప బోటు) సుమారు 2 నాట్ల వేగంతో పోతుంది అనుకోండి, 1 నాట్ అంటే గంటకి 1.852 కిలోమీటర్లు, కాబట్టి 2 నాట్లు అంటే నిమిషానికి 60 మీటర్ల చిల్లర, మనిషి నడక కంటే తక్కువ. గాలికి ఎదురుగా నేరుగా పోలేం, అటూ ఇటూ వంకర్లు తిరుగుతూ పోవాలి కాబట్టి 300 మీటర్ల దూరానికి దాదాపు 420 మీటర్లు తిరుగుతాం, తిరిగి గాలితోపాటు కిందకి 300, మొత్తం ఒక రౌండ్‌కి 720 మీటర్లు, అంటే 12 నిమిషాలు. మూడు రౌండ్లు పెడితే 36 నిమిషాలు. అంతే చాలు. గంటన్నర రేస్ ఒకటి పెట్టేకంటే అరగంటవి మూడు పెట్టడం వందరెట్లు నయం, మధ్యలో ఒడ్డుకొచ్చి కాళ్ళు చేతులు ఆడించుకోవచ్చు, ఎవరికైనా చలేస్తే గొడవ లేకుండా తప్పుకోవచ్చు, ఒక రేసులో వెనకబడినవాళ్ళకి ఇంకో అవకాశం కూడా ఉంటుంది.

మార్కులు రెండే చాలు, ఒకటి గాలి వచ్చే వైపు పైన, ఒకటి కింద. ఒడ్డుకి మరీ దగ్గరగా పెట్టొద్దు, గాలి వచ్చే వైపు ఒడ్డున పెద్ద చెట్లో గట్టో ఉంటే దాని ఎత్తుకి పది రెట్ల దూరం దాకా నీళ్ళ మీద గాలి చచ్చినట్టే ఉంటుంది. 15 మీటర్ల చెట్లుంటే మార్క్‌ని కనీసం 150 మీటర్ల ఇవతలకి లాగండి, ఇంకా దూరమైతే ఇంకా మంచిది. శీతాకాలంలో ఒక చిన్న లాభం ఉంది, ఆకులు రాలిపోయే జాతి చెట్లయితే కొమ్మల మధ్య నుంచి కొంత గాలి దూరి వస్తుంది, వేసవిలో చచ్చిన మూలగా పేరుపడ్డ చోటే ఈ కాలంలో గాలి దొరకొచ్చు, కాబట్టి పాత అనుభవం మీద మాత్రమే ఆధారపడకుండా సేఫ్టీ బోటులో ఒక రౌండ్ తిరిగి చూసి అప్పుడు లంగరు వేయండి. సరస్సు అంచుల్లో మంచు పొరలాంటిది కట్టి కనిపిస్తే మాత్రం ఆ రోజు రేస్ లేదు, పల్చటి మంచు పలక కూడా బోటు అడుగుని చీరేస్తుంది, సేఫ్టీ బోటు మనిషి దగ్గరికి వెళ్ళే దారిని కూడా మూసేస్తుంది.

సేఫ్టీ బోటు, పేర్ల బోర్డు

ఇంజన్ బోటు ముందు రోజే స్టార్ట్ చేసి చూసుకోండి, చలికి బ్యాటరీలు మొండికేస్తాయి. అందులో ఇద్దరుండాలి, ఒకళ్ళు నడపడానికి ఒకళ్ళు మనిషిని పైకి లాగడానికి. విసిరే తాడు, కత్తి, పొడి దుప్పటి, ఒక పొడి టోపీ, ఫ్లాస్కులో వేడి తియ్యటి పానీయం ఉంచండి. నడిపేవాళ్ళు ఇంజన్ కిల్ కార్డ్ (మనిషి పడిపోతే ఇంజన్ ఆపేసే తాడు) కాలికో నడుముకో తగిలించుకోవాలి. ఇంకోటి, రేసులో ఉన్న బోట్ల మధ్య నుంచి స్పీడుగా పోవద్దు, గాలి తక్కువున్నప్పుడు ఇంజన్ బోటు రేపిన ఒక్క అల చాలు, తెరచాపలో ఉన్న కాస్త గాలీ విదిలించినట్టు పోతుంది, మళ్ళీ బోటు కదలడానికి నిమిషం పడుతుంది.

ఒడ్డున ఒక బోర్డు పెట్టి నీళ్ళలోకి దిగేటప్పుడు పేరు ఎదురుగా టిక్ పెట్టాలి, పైకి వచ్చాక కొట్టేయాలి. చాలా చిన్న విషయం, కానీ మధ్యలో చలేసి ఎవరికీ చెప్పకుండా ఇంటికెళ్ళిపోయిన ఒక్క మనిషి కోసం చీకట్లో సరస్సంతా వెతకాల్సి వస్తే అప్పుడు తెలుస్తుంది దాని విలువ.

స్టార్ట్, రూల్స్

సరదా రేస్ అయినా రూల్స్ అందరికీ ఒకటే ఉండాలి, లేకపోతే సరదా పోయి గొడవ మిగులుతుంది. సెయిలింగ్ ఆటకి అంతర్జాతీయ సంస్థ అయిన వరల్డ్ సెయిలింగ్ వాళ్ళ రేసింగ్ రూల్స్ ప్రతి నాలుగేళ్ళకీ ఒకసారి మారతాయి, ఇప్పుడు నడుస్తున్నవి 2025 నుంచి 2028 దాకా. మొత్తం పుస్తకం కొత్తవాళ్ళకి అప్పజెప్పనక్కర్లేదు, స్టార్ట్‌కి ముందు ఒడ్డున నిలబడి ఐదు నిమిషాల్లో చెప్పగలిగేవి ఇవి: గాలి ఎడమవైపు నుంచి తగులుతున్న బోటు, గాలి కుడివైపు నుంచి తగులుతున్న బోటుకి దారివ్వాలి, ఇది రూల్ 10. ఇద్దరికీ ఒకే వైపు నుంచి గాలి తగులుతూ పక్కపక్కన ఉంటే పైన, అంటే గాలి వచ్చే వైపు ఉన్నవాళ్ళు తప్పుకోవాలి, ఇది 11. వెనకున్నవాళ్ళు ముందున్నవాళ్ళకి తగలకుండా చూసుకోవాలి, ఇది 12. మార్క్ దగ్గర మూడు బోటు పొడవుల దూరంలోకి వచ్చేసరికి లోపలి వైపు ఎవరున్నారో వాళ్ళకి మార్క్ తిరగడానికి చోటివ్వాలి, ఇది 18. 4.23 మీటర్ల ఐఎల్‌సీఏ (ఒక్కరే నడిపే ఒక రకం డింగీ) అయితే ఆ దూరం 12 మీటర్ల పైచిలుకు. మార్క్‌కి తగిలితే ఒక రౌండ్ గుండ్రంగా తిరగాలి, ఇంకో బోటుతో రూల్ తప్పితే రెండు రౌండ్లు. గాలి లేనప్పుడు రెండు రౌండ్లు తిరగడం అంటే చాలా పెద్ద శిక్ష, కాబట్టి సరదా రేసుకి రెండూ ఒక్క రౌండే అని ముందే చెప్పేసి, నోటీసులో రాసి పెట్టుకుంటే బాగుంటుంది.

రూల్ 42 మాత్రం గట్టిగా చెప్పండి, ఎందుకంటే తక్కువ గాలిలో అందరికీ చేయి దురద పెడుతుంది. తెరచాపని విసనకర్రలా ఆడించడం, బోటుని అదేపనిగా అటూ ఇటూ ఊపడం, శరీరాన్ని ముందుకి విదిలించడం, చుక్కానిని తెడ్డులా తిప్పడం, ఇవేవీ చేయకూడదు. ట్యాక్ తిరిగేటప్పుడు, అంటే బోటు ముక్కుని గాలికి అడ్డంగా దాటించి అవతలి వైపు తిప్పేటప్పుడు, ఒకసారి బోటుని వాల్చి లేపడం ఒప్పుకుంటారు, కానీ తిరిగాక వచ్చిన వేగం అసలు తిరగకపోతే ఉండే వేగం కంటే ఎక్కువ కాకూడదు. రూల్ 3 కూడా ఒకసారి చదివి వినిపించండి, రేసులో పాల్గొనాలా, కొనసాగాలా అన్న నిర్ణయం పూర్తిగా ఆ బోటుదే అని అది చెప్తుంది. చలేసి వెనక్కి వెళ్ళిపోయినవాళ్ళని ఎవ్వరూ ఒక్క మాట కూడా అనకూడదు అని నేను దాంతోపాటు చెప్తాను. ఇక రూల్ 1, ప్రమాదంలో ఉన్నవాళ్ళకి చేతనైనంత సాయం చేయాలి, రేస్ తర్వాత సంగతి, అలా ఆగినవాళ్ళు పోగొట్టుకున్న స్థానం తిరిగి ఇవ్వడానికి దారి కూడా రూల్స్‌లోనే ఉంది.

స్టార్ట్ మామూలుగా 5 నిమిషాల ముందు ఒక సౌండ్, 4 నిమిషాల ముందు ఇంకోటి, 1 నిమిషం ఉందనగా ఒక పొడుగు సౌండ్, తర్వాత స్టార్ట్. ఒడ్డున జెండాలు ఎక్కించే మనుషులు లేకపోతే 3, 2, 1 అని విజిల్‌తో మూడు నిమిషాల స్టార్ట్ పెట్టుకోండి, చలిలో తక్కువసేపు ఎదురుచూస్తారు, అదే మేలు. స్టార్ట్ లైన్ పొడవు అన్ని బోట్ల పొడవులూ కలిపి దానికి ఒకటిన్నర రెట్లు, పన్నెండు బోట్లు ఒక్కోటి 4 మీటర్లనుకుంటే 72 మీటర్లు. స్టార్ట్‌కి ముందే గాలి ఆగిపోతే ఎరుపు తెలుపు నిలువు చారల ఏపీ జెండా (వాయిదా జెండా) ఎక్కించి ఆపండి, రేస్ మధ్యలో గాలి చచ్చిపోతే తెల్ల జెండా మధ్యలో నీలం చతురస్రం ఉన్న ఎస్ జెండాతో రెండు సౌండ్లు ఇచ్చి తర్వాతి మార్క్ దగ్గరే ఫినిష్ చేసేయండి. కోర్సు కుదించడానికి సంకోచించొద్దు, ముగ్గురు ముందున్నవాళ్ళు మార్క్ తిరిగేలోపే నిర్ణయం తీసుకోవాలి, అందరూ నీళ్ళ మీద బొమ్మల్లా ఆగిపోయాక తీసుకుని లాభం లేదు.

రకరకాల బోట్లు వస్తే ఎలా అంటే, బ్రిటన్‌లో వాడే పోర్ట్స్‌మత్ యార్డ్‌స్టిక్ పద్ధతి సులువు, ప్రతి బోటు రకానికీ ఒక నంబర్ ఉంటుంది, పట్టిన టైంని 1000 తో గుణించి ఆ నంబర్‌తో భాగించాలి. 1100 నంబర్ ఉన్న నెమ్మది బోటుకి 44 నిమిషాలు పడితే లెక్కలో 40, 1000 నంబర్ ఉన్న వేగం బోటుకి 41 పడితే 41, కాబట్టి నెమ్మది బోటే గెలిచింది. ఇంకా సరదాగా కావాలంటే ఈ లెక్కని ముందుకి జరపండి, నెమ్మది బోట్లని ముందు పంపి వేగం బోట్లని ఆలస్యంగా వదలండి. 60 నిమిషాల రేసులో 1200 నంబర్ బోటు ముందు బయల్దేరితే 1000 నంబర్ బోటు 10 నిమిషాల తర్వాత బయల్దేరుతుంది, 60 నిమిషాలకి హారన్ కొట్టినప్పుడు ఎవరు ముందుంటే వాళ్ళే గెలిచినట్టు. చలికాలానికి నాకు ఇదే ఇష్టం, ఎందుకంటే అందరికీ ఒకేసారి అయిపోతుంది, చివరి బోటు కోసం మిగతావాళ్ళు వణుకుతూ ఎదురుచూడక్కర్లేదు. ఆ 60 ని 35 చేసుకుంటే ఇంకా మేలు. ఈ నంబర్లు సగటు గాలికి వేసినవి, మరీ తక్కువ గాలిలో కొన్ని బోట్లకి అన్యాయం జరుగుతుంది, ఆ సంగతి ముందే అనేసుకుంటే తర్వాత ఎవరూ ముఖం మాడ్చుకోరు.

బోటులో కూర్చున్నాక

ఇది నాకు చాలా ఇష్టమైన భాగం. ముందుకి జరిగి కూర్చోండి, డింగీలో మామూలుగా కూర్చునే చోటు కంటే బాగా ముందుకి, బోటు వెనక పలక నీళ్ళలోంచి కాస్త లేవాలి. వెనక బరువుంటే ఆ పలక నీళ్ళని ఈడ్చుకుంటూ పోతుంది, వెనక్కి చూడండి, గుడగుడమని నీళ్ళు సుడులు తిరుగుతుంటే ఇంకా ముందుకి జరగాలి, నున్నగా గీత గీసినట్టుంటే సరిగ్గా ఉన్నట్టు. గాలికి ఎదురెళ్ళేటప్పుడు బోటుని గాలి పోయే వైపు కొంచెం వాల్చండి, దానివల్ల బరువుకి తెరచాప తనంతట తనే ఆ వైపు పడి ఆకారం తెచ్చుకుంటుంది, నీళ్ళకి తగిలే అడుగు భాగం కూడా తగ్గుతుంది, చుక్కాని చేతికి కాస్త బరువు తగిలి మనకి బోటు ఏమంటుందో తెలుస్తుంది.

తెరచాప బిగించి కూర్చోవడం తక్కువ గాలిలో అందరూ చేసే తప్పు. బోటు ఆగిపోయినట్టు అనిపించగానే చేయి దానంతటదే మెయిన్ షీట్ (తెరచాపని లోపలికి లాగే తాడు) లాగుతుంది, లాగేకొద్దీ ఇంకా ఆగుతుంది. వదలండి. వ్యాంగ్ (బూమ్‌ని, అంటే తెరచాప కింది కర్రని, కిందకి లాగే తాడు) వదిలేయండి, కన్నింగ్‌హమ్ (తెరచాప ముందంచుని కిందకి లాగే తాడు) పూర్తిగా వదిలేయండి, మెయిన్ షీట్ ఒక జానెడు వదలండి, తెరచాప పై భాగం కొంచెం తెరుచుకోవాలి, ఎందుకంటే నీళ్ళ దగ్గర కంటే మాస్ట్ (తెరచాప స్తంభం) కొసన గాలి వేగంగానూ కొంచెం వేరే దిక్కునుంచీ వస్తుంది. తెరచాప వెనకంచున కట్టిన దారాలు ఎగురుతుంటే సరే, అవి వెనక్కి దాక్కుంటుంటే బిగువెక్కువైంది అని అర్థం. గాలి 4 నుంచి 6 నాట్లుంటే కింద అవుట్‌హాల్ (తెరచాప కింది అంచుని బిగించే తాడు) కొంచెం వదిలి తెరచాపకి పొట్ట ఇవ్వండి, అంతకంటే తక్కువైతే పొట్ట తగ్గించండి, అంత నీరసమైన గాలి లోతైన వంపుని చుట్టి పోలేక విడిపోతుంది. షీట్‌కి సన్నటి, నీళ్ళు పీల్చని తాడు వాడండి, లావు తాడు తడిసి బరువెక్కి బూమ్‌ని కిందకి లాగుతుంది. పాత ఆడియో క్యాసెట్ టేపు ముక్కలు మాస్ట్‌ని నిలబెట్టే తీగలకి కట్టుకుంటే ఊపిరంత గాలికి కూడా ఊగుతాయి, కొన్న వాటికంటే నాకు అవే నమ్మకం.

గాలికి మరీ దగ్గరగా ముక్కు పెట్టి పోవాలని చూడొద్దు. కొంచెం కిందకి వంచి వేగం రానివ్వండి, బోటు కదిలితే ఎదురుగాలి కలిసి తెరచాపకి తగిలే గాలే పెరుగుతుంది, ఆ పెరిగిన గాలితో ఇంకా పైకి పోవచ్చు. ఆగిన బోటుకి అది ఉండదు. ట్యాక్‌లు తగ్గించండి, ఒక్కో ట్యాక్‌కి మూడు నాలుగు బోటు పొడవులు పోతాయి, ఒకసారి తిరిగితే కనీసం మళ్ళీ పూర్తి వేగం వచ్చేదాకా ఇంకోసారి తిరగొద్దు. తిరిగేటప్పుడు టిల్లర్‌ని (చుక్కాని పిడిని) గట్టిగా తొయ్యకుండా బోటుని కొంచెం వాల్చి దానంతట అదే తిరగనిచ్చి, ముక్కు గాలిని దాటాక మెల్లగా అవతలికి జరిగి నిదానంగా నిలబెట్టండి, తపుక్కుమని దూకితే ఉన్న వేగం పోతుంది.

గాలి ఎక్కడుందో చూడ్డం అన్నిటికంటే ముఖ్యం. నీళ్ళ మీద ముదురు రంగు మచ్చలు కదులుతుంటే అవే గాలి, దిక్కు మారడం కోసం కాదు ఆ మచ్చ కోసం పోండి, తక్కువ గాలిలో సరైన దిక్కు కంటే ఉన్న గాలే గొప్ప. అవతలి ఒడ్డున పొగ ఎటు వాలుతోంది, మీ కంటే ముందున్న బోటు ఎక్కడ వాలింది ఎక్కడ నిటారుగా అయింది చూస్తూ ఉండండి. శీతాకాలపు ఎండ వాలుగా పడి నీళ్ళు మెరుస్తుంటే మచ్చలు కనపడవు, పోలరైజ్డ్ కళ్ళద్దాలు పెట్టుకోండి. ఇంకో బోటు గాలికి అడ్డంగా ఉంటే దాని నీడలో ఉండొద్దు, ఆ నీడ దాని మాస్ట్ ఎత్తుకి ఎన్నో రెట్ల దూరం పోతుంది, స్టార్ట్ దగ్గర గుంపులో ఇరుక్కుని ఉండేకంటే లైన్ మీద ఒక మూల ఒంటరిగా స్వచ్ఛమైన గాలిలో బయల్దేరడం మంచిది. స్టార్ట్‌కి ముందు లైన్‌కి దూరంగా తిరుగుతూ ఉండొద్దు, గాలి ఆగితే వెనక్కి రాలేరు, అరనిమిషంలో చేరగలిగే దూరంలోనే ఉండండి.

గాలితోపాటు కిందకి వచ్చేటప్పుడు నేరుగా మార్క్ మీదకి రావద్దు, కొంచెం పక్కకి పోయి గాలి పక్కనుంచి తగిలేలా చేసుకుని, జైబ్ చేసి (బోటు వెనక భాగాన్ని గాలికి దాటించి తెరచాపని అవతలి వైపు వేసి) మళ్ళీ ఇటు రండి, దూరం పెరిగినా వేగం అంతకంటే ఎక్కువ వస్తుంది. సెంటర్‌బోర్డ్ (బోటు అడుగున నీళ్ళలోకి దిగే పలక) ముప్పాతిక పైకి లేపండి, ఒక్కరే నడిపే బోటయితే గాలి వచ్చే వైపు కాస్త వాల్చండి, కానీ కదలికలన్నీ నెమ్మదిగా.

ఈ నిశ్శబ్దంలో మీరు కూర్చున్నప్పుడు చలి మీద ఒక కన్ను ఉంచండి. కాలివేళ్ళు షూలో ముడుస్తూ తెరుస్తూ ఉండండి, తొడలు బిగించి వదలండి, బోటుకి తెలియదు గానీ రక్తం ఆడుతుంది. బొటనవేలు చిటికెన వేలుకి తగలట్లేదంటే, లేదా తాడు ముడి విప్పడానికి మామూలు కంటే ఎక్కువసేపు పడుతోందంటే రేస్ మధ్యలోనైనా సరే ఒడ్డుకి తిరగండి. ఇద్దరున్న బోటులో మాట్లాడుకుంటూ ఉండండి, పక్క మనిషి మాట ముద్దగా వస్తున్నా, ఊరికే చిరాకు పడుతున్నా, వణుకు ఒక్కసారిగా ఆగిపోయినా అది మంచి గుర్తు కాదు.

ఒడ్డుకొచ్చాక

ముందు మనుషులు, తర్వాత బోట్లు. తడి బట్టలు విప్పించి పొడివి వేయించాక అప్పుడు తెరచాప సంగతి చూడొచ్చు. ఎవరైనా బాగా చల్లబడి ఉంటే గాలి తగలని చోట పడుకోబెట్టి దుప్పట్లు కప్పండి, చేతులూ కాళ్ళూ రుద్దొద్దు, ఒకేసారి వేడి నీళ్ళలో కూర్చోబెట్టొద్దు, మద్యం అస్సలు పోయొద్దు. తెలివిగా ఉండి మింగగలిగితే వేడి తియ్యటి పానీయం కొంచెం కొంచెంగా. ఒంటి లోపలి వేడి 35 డిగ్రీల కంటే పడిపోతే అది హైపోథర్మియా, వణుకు ఆగి మగతగా ఉంటే ఇంట్లో చూసుకుందాంలే అనకుండా వెంటనే అంబులెన్స్ పిలవాలి.

బోటు డ్రైన్ ప్లగ్ తీసి ముక్కు ఎత్తి నీళ్ళు పూర్తిగా పోనివ్వండి, రాత్రికి గడ్డకట్టే చలి ఉంటే లోపల మిగిలిన నీళ్ళు వ్యాకోచించి అతుకులు పగలగొడతాయి. కప్పీల్లో, సెంటర్‌బోర్డ్ సందులో కూడా నీళ్ళు లేకుండా ఊపండి. తెరచాప తడిగా మడిచి సంచిలో పెట్టొద్దు, వదులుగా చుట్టి ఇంట్లో ఆరబెట్టండి. మార్కుల లంగరు తాళ్ళు చలికి కర్రల్లా బిగుసుకుంటాయి, వాటిని చుట్టేపని గ్లోవ్స్ పొడిగా ఉన్నవాళ్ళకి అప్పజెప్పండి. ఫలితాలు చదవడం, ఏ ట్యాక్ ఎక్కడ తప్పిందో మాట్లాడుకోవడం వేడిగా ఉన్న గదిలో పెట్టుకోండి, దానికి ముందు మాత్రం ఒకరు బోర్డు దగ్గరికి వెళ్ళి పొద్దున టిక్ పెట్టిన ప్రతి పేరూ కొట్టేసి ఉందో లేదో వేలు పెట్టి చదవాలి, ఒక్క పేరు మిగిలినా సేఫ్టీ బోటు ఇంజన్ ఆపొద్దు.